ఫ్రిజ్ లేని రోజుల్లో మశూచి టీకా మన దాకా ఎలా వచ్చింది?

సత్తెనపల్లి శ్రీను
శనివారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సైన్సు పుస్తకంలో మశూచి టీకా గురించి నాలుగంటే నాలుగు వాక్యాలున్నాయి. ఎడ్వర్డ్ జెన్నర్ అనే ఇంగ్లండు డాక్టరు, 1796, పాలు పితికే అమ్మాయి చేతి మీది పొక్కు, ఎనిమిదేళ్ల కుర్రాడు. అంతటితో పాఠం అయిపోయింది. అది చదివి, "నాన్నా, అప్పట్లో ఓడలో ఇండియా రావాలంటే నెలలు పట్టేది కదా, ఫ్రిజ్‌లు కూడా లేవు కదా, మరి ఆ మందు పాడవకుండా మన దేశానికి ఎలా వచ్చింది?" అని అడిగింది.

నేను మెడికల్ షాపు నడుపుతాను. వ్యాక్సిన్ అంటే మాకు రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు. గంటసేపు కరెంటు పోతే టెన్షన్. అందుకని ఈ ప్రశ్న నన్నూ వదలట్లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. పిల్లకు చదివి వినిపిస్తాను.


పాతకాగితం
శనివారం, రాత్రి 9:02

శ్రీను గారూ, మీ అమ్మాయి చాలా మంచి ప్రశ్న అడిగింది. ఒక్క మాటలో జవాబు చెప్పాలంటే, టీకా పిల్లల చేతుల మీద వచ్చింది.

కాస్త విడమరిచి చెప్తాను. ఆవుమశూచి (ఆవు పొదుగు మీద వచ్చే పొక్కుల జబ్బు) రసిని ఒకరి చేతి మీద గీరి అంటిస్తే ఏడెనిమిది రోజులకు అక్కడ పొక్కు లేచి, లోపల తేటగా నీరు పడుతుంది. ఆ నీటిని సూది మొనతో తీసి ఇంకొకరి చేతికి అంటిస్తారు. మళ్లీ వారానికి ఆ రెండో మనిషి చేతి మీద పొక్కు. అలా మనిషి నుంచి మనిషికి టీకా బతుకుతూ పోతుంది. ఒక్క వారం కొత్త చెయ్యి దొరక్కపోతే గొలుసు తెగిపోతుంది. పెద్దవాళ్లలో చాలామందికి అప్పటికే మశూచి వచ్చి పోయి ఉండేది కాబట్టి వాళ్ల మీద టీకా పొక్కు లేవదు. అందుకే పిల్లలే కావలసి వచ్చారు.

వేరే పద్ధతి కూడా ఉండేది. దారాన్ని రసిలో తడిపి ఆరబెట్టి, రెండు గాజు పలకల మధ్య పెట్టి, గాలి చొరబడకుండా మైనంతో మూసి పంపేవాళ్లు. యూరప్‌లో ఊరి నుంచి ఊరికి అది సరిపోయింది. ఇంగ్లండు నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగి ఉష్ణమండలం మీదుగా వచ్చే ఓడలో అయిదారు నెలలు పట్టేది. అన్నాళ్లకు దారం మీది టీకా చచ్చిపోయేది. మొదటి ప్రయత్నాలన్నీ అలాగే విఫలమయ్యాయి. మశూచి రానివాళ్లను ఓడలో ఎక్కించి దారిపొడవునా ఒకరి తర్వాత ఒకరికి టీకా వేస్తూ ఇండియాకు పంపుదామని జెన్నరే ప్రతిపాదించాడు.

చివరికి మనకు టీకా సముద్రం మీదుగా కాకుండా నేల దారిన వచ్చింది. వియన్నాలో జాన్ ద కారో అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన 1799లోనే అక్కడ టీకాలు మొదలుపెట్టాడు. మైనంలో ముంచిన గాజు పలకలతో ఆయన పంపిన రసి కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) వైపు నుంచి బాగ్దాద్ చేరింది. అక్కడ పిల్లలకు వేశారు. అక్కడి నుంచి బస్రా, బస్రా నుంచి ఓడ మీద బొంబాయి. 14 జూన్ 1802న బొంబాయిలో ఆనా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేసిన టీకా పొక్కు లేచింది. మన దేశంలో ఫలించిన మొదటి టీకా అదే. తర్వాతి వారం ఆ పాప చేతి మీది రసిని ఇంకో అయిదుగురు పిల్లలకు వేశారు. బొంబాయి నుంచి పూనా, సూరత్, హైదరాబాదు, మద్రాసులకు వెళ్లింది ఆ పరంపరే.

పాఠంలో ఆవు పేరు, పాలమ్మాయి పేరు చెప్తారు. ఈ పాప పేరు మాత్రం మన పుస్తకాల్లో కనిపించదు. నాకైతే అది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.


సత్తెనపల్లి శ్రీను
శనివారం, రాత్రి 9:20

మేడమ్, ఒళ్లు జలదరించింది. మూడేళ్ల పాప! హైదరాబాదుకు కూడా అదే సంవత్సరం వచ్చిందా? ఇంకా చెప్పండి.


బ్రిస్టల్ భార్గవి
శనివారం, రాత్రి 11:48

నేను బ్రిస్టల్‌లో ఉంటాను. జెన్నర్ ఊరు బర్క్‌లీ ఇక్కడికి దగ్గరే. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. తోటలో ఒక చిన్న గుడిసె ఉంటుంది, కొమ్మలూ దుంగలతో కట్టినట్టు. పేదవాళ్లకు జెన్నర్ అందులోనే డబ్బు తీసుకోకుండా టీకాలు వేసేవాడు. అతను దానికి 'వ్యాక్సీనియా గుడి' అని పేరు పెట్టుకున్నాడు. నేను చూసిన పెద్ద పెద్ద ఆసుపత్రుల కంటే ఆ గుడిసె ముందే ఎక్కువసేపు నిలబడ్డాను.

శ్రీను గారి అమ్మాయి కోసం ఇంకొన్ని వివరాలు. 14 మే 1796న జెన్నర్ సారా నెల్మ్స్ అనే పాలమ్మాయి చేతి పొక్కులోంచి రసి తీసి, తన తోటమాలి కొడుకు జేమ్స్ ఫిప్స్ చేతికి అంటించాడు. కుర్రాడికి కొద్దిగా జ్వరం వచ్చి తగ్గింది. జూలై 1న అదే కుర్రాడికి అసలు మశూచి రసి అంటించి చూశాడు. ఏమీ కాలేదు. సారాకు అంటించిన ఆవు పేరు బ్లాసమ్. దాని తోలు లండన్‌లోని సెయింట్ జార్జి వైద్య కళాశాలలో ఇప్పటికీ ఉంది.

లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ జెన్నర్ వ్యాసాన్ని వేసుకోలేదు. ఇంకొన్ని కేసులు జోడించి 1798లో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నాడు. అందులో 23 కేసులున్నాయి. ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఫిప్స్ కేసు కాదు. 1798లో ఆవు నుంచి ఒక పిల్లవాడికి, వాడి నుంచి ఇంకో పిల్లవాడికి, అలా చేతి నుంచి చేతికి వరసగా వేసుకుంటూ పోయి, చివరి పిల్లలకు కూడా మశూచి అంటలేదని చూపించాడు. పాతకాగితం గారు చెప్పిన గొలుసు అక్కడే మొదలైంది. ప్రతిసారీ జబ్బు చేసిన ఆవును వెతుక్కోవలసి వస్తే టీకా ఆ జిల్లా దాటేది కాదు.


సూక్ష్మజీవి
ఆదివారం, ఉదయం 6:30

విశాఖలో మైక్రోబయాలజీ చెప్తాను. భార్గవి గారు చెప్పిన దాంట్లో ఒక మాట మీద అందరూ ఆగాలి. "అసలు మశూచి రసి అంటించి చూశాడు" అని వినగానే ఇప్పటి మనకు గుండె ఆగినంత పనవుతుంది. అప్పటివాళ్లకు అది మామూలు పని. ఎందుకంటే జెన్నర్ కంటే చాలా ముందే మశూచికి మశూచినే మందుగా వాడేవాళ్లు.

తేలికగా వచ్చిన మనిషి పొక్కులోంచి కాస్త రసి తీసి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చర్మం గీరి అంటించడం, లేదా చైనాలోలాగా ఎండిన పెచ్చుల పొడిని ముక్కులోకి ఊదడం. ఊపిరి దారిన సహజంగా వచ్చే మశూచి కంటే చర్మం ద్వారా వచ్చినది చాలావరకు తేలికగా పోతుంది. బతికితే మళ్లీ జన్మలో రాదు. దీన్ని టర్కీలో చూసిన లేడీ మేరీ మాంటెగ్యూ 1718లో అక్కడే తన కొడుక్కి వేయించింది, 1721లో లండన్‌లో కూతురికి వేయించింది. అదే ఏడాది అమెరికాలో బోస్టన్‌ను మశూచి ముంచేసింది. కాటన్ మాథర్ అనే మతాచార్యుడికి ఈ పద్ధతి చెప్పింది ఒనెసిమస్ అనే ఆఫ్రికా బానిస. తన చిన్నప్పుడు తన దేశంలో తనకు చేశారని మచ్చ చూపించాడు. బాయిల్‌స్టన్ అనే వైద్యుడు సుమారు 240 మందికి వేస్తే 6 గురు చనిపోయారు. ఊళ్లో సహజంగా జబ్బు పడ్డ 5,889 మందిలో 844 మంది చనిపోయారు. లెక్క వేసి చూడండి. ఒకవైపు నూటికి రెండున్నర, ఇంకోవైపు నూటికి పధ్నాలుగు.

కానీ దీంట్లో పెద్ద ప్రమాదం ఒకటుంది. వేయించుకున్న మనిషికి వచ్చేది అసలైన మశూచే. అతని నుంచి పక్కింటివాళ్లకు అంటుతుంది, ఊరంతా పాకవచ్చు. ఆవుమశూచి అలా గాలిలో పాకదు. గీరిన చోట ఒక్క పొక్కు, అంతే. జెన్నర్ పని గొప్పతనం అక్కడుంది. జెన్నర్‌కు కూడా ఎనిమిదేళ్ల వయసులో పాత పద్ధతిలోనే వేశారు.


చిట్టితల్లి అమ్మ
ఆదివారం, ఉదయం 9:10

అన్నీ చదువుతున్నాను. నాకొక్కటే బాధగా ఉంది. తోటమాలి కొడుకు అన్నారు. బొంబాయిలో మూడేళ్ల పాప అన్నారు. ఆ పాప తల్లిదండ్రులు ఎవరు? ఎవరైనా వాళ్లనడిగారా? పెద్దింటి పిల్లల మీద ముందు ఎందుకు వేయలేదు? మందు మంచిదే. అయినా అది పేదవాళ్ల పిల్లల మీద నడిచి వచ్చిందంటే నాకు ముద్ద దిగడం లేదు.


పాతకాగితం
ఆదివారం, ఉదయం 10:05

అమ్మా, మీ బాధ న్యాయమైనదే. ఆనా తల్లి గురించి పెద్దగా తెలియదు. ఒప్పుకుందా లేదా అన్నది ఎవరూ రాయలేదు.

దీనికి పెద్ద ఉదాహరణ స్పెయిన్ వాళ్ల యాత్ర. 1803 నవంబరు 30న లా కొరూన్యా రేవు నుంచి 'మరియా పీతా' అనే ఓడ బయల్దేరింది. రాజవైద్యుడు ఫ్రాన్సిస్కో హవియర్ దె బాల్మిస్ నాయకుడు. ఓడలో 22 మంది అనాథ మగపిల్లలు, చాలామంది మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపువాళ్లు. తొమ్మిది పది రోజులకోసారి ఇద్దరేసి పిల్లలకు టీకా వేసేవాళ్లు. ఒకరిది లేవకపోయినా రెండోవాడిది ఉంటుందని ఇద్దరు. పొక్కు చిదిమిపోకుండా, ఒకరి నుంచి ఒకరికి ముందే అంటకుండా రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఆ పని చేసింది అనాథాశ్రమం పెద్ద ఇసబెల్ సెందాల్. ఆ 22 మందిలో ఆమె సొంత కొడుకు కూడా ఉన్నాడు. వెనెజువేలా తీరం చేరేసరికి టీకా ఒకే ఒక్క పిల్లవాడి చేతి మీద మిగిలింది.

ఆ పిల్లల్ని మెక్సికోలో వదిలేశారు. చదివిస్తామని రాజు మాటిచ్చాడు గానీ అక్కడ వాళ్లను ఉంచిన చోటు అధ్వాన్నంగా ఉండేది. మెక్సికోలో ఇంకో 26 మంది పిల్లల్ని తీసుకుని 1805లో బాల్మిస్ ఫిలిప్పీన్స్ వెళ్లాడు, అక్కడి నుంచి చైనా తీరానికి. ఇంకో దారిన దక్షిణ అమెరికాకు వెళ్లిన సాల్వానీ అనే యువ వైద్యుడు జబ్బులతో కుళ్లి 1810లో కొచబాంబాలో చనిపోయాడు. ఆ యాత్ర వల్ల ఎన్ని లక్షల ప్రాణాలు నిలిచాయో. అయినా అడిగే దిక్కులేని పిల్లలు కాబట్టే ఆ ఓడ ఎక్కించగలిగారు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచకూడదు.

మద్రాసు రాజధానిలో కూడా అంతే. ఎనిమిదో రోజున పిల్లని తీసుకొచ్చి రసి ఇవ్వమంటే తల్లులు భయపడేవాళ్లు. పొక్కును గుచ్చి తీస్తే పిల్ల ఏడుస్తుంది కదా. పైగా ఏ కులం పిల్ల చేతి రసి ఏ కులం పిల్లకు అన్న పట్టింపు. అందుకని రసి ఇచ్చే పిల్లలు ఎక్కువగా డబ్బు అవసరమున్న ఇళ్లవాళ్లే అయ్యారు.


వైద్య కుటుంబం
ఆదివారం, మధ్యాహ్నం 1:30

మా తాతగారు, ముత్తాతగారు ఆయుర్వేద వైద్యులు. ఇక్కడ అందరూ జెన్నర్, స్పెయిన్, టర్కీ అంటున్నారు. మనవాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఆవు పొదుగు మీది పొక్కు నీటిని సూదిమొనతో తీసి భుజానికీ మోచేతికీ మధ్య అంటించాలని ధన్వంతరి ఎప్పుడో చెప్పాడు. 'శాక్తేయ గ్రంథం' అనే పుస్తకంలో ఉందని ఇంగ్లీషువాళ్ల పత్రికలోనే అచ్చయింది. దాని మీద మీరేమంటారు?


పాతకాగితం
ఆదివారం, మధ్యాహ్నం 3:15

వైద్య కుటుంబం గారూ, ఆ ప్రస్తావన నిజంగానే ఉంది. 1819 జనవరి 12న 'మద్రాస్ కొరియర్' పత్రికలో 'కల్వి విరుంబన్' అనే మారుపేరుతో ఒక ఉత్తరం వచ్చింది. మీరు చెప్పిన మాటలు దాంట్లోవే. ఆ తర్వాత రెండు వందల ఏళ్లుగా ఎందరో దాన్ని ఎత్తి రాశారు. కానీ ఆ గ్రంథం ప్రతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. చరకంలో గానీ సుశ్రుతంలో గానీ మసూరికా రోగం (మశూచి) గురించి ఉంది, ఆవు పొక్కు టీకా లేదు. సంస్కృత వైద్య గ్రంథాల మీద జీవితమంతా పనిచేసిన డొమినిక్ వుయాస్టిక్ దీన్ని వివరంగా పరిశీలించి, జనాన్ని టీకాకు ఒప్పించడానికి మంచి ఉద్దేశంతో అల్లిన కల్పన అని తేల్చాడు.

మంచి ఉద్దేశం అని ఎందుకన్నానంటే, అప్పట్లో మద్రాసులో ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తమిళంలో ఒక కథ రాశాడు. అందులో దేవి ధన్వంతరికి ఆవుమశూచి సంగతి చెప్తుంది. ఈ ఎల్లిస్ మన తెలుగువాళ్లకు బాగా కావలసినవాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళం కన్నడాలతో కలిసి వేరే కుటుంబం అని 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో మొట్టమొదట నిరూపించింది ఆయనే. తెలుగు, తమిళం, సంస్కృతం నేర్చుకున్న మనిషి కాబట్టి, జనం అమ్మవారి మాట వింటారు గానీ సర్కారు మాట వినరని ఆయనకు అర్థమైంది.

ఇంకో సంగతి. మనవాళ్లకు గర్వపడే విషయం లేదనుకోవద్దు. బెంగాల్, బీహార్, ఒరిస్సా వైపు టీకాదార్లు అనేవాళ్లు ఊరూరా తిరిగి పాత పద్ధతిలో మశూచి టీకా వేసేవాళ్లు. హాల్‌వెల్ అనే కంపెనీ వైద్యుడు 1767లో లండన్ వైద్యులకు దాన్ని పూసగుచ్చినట్టు రాసి పంపాడు. జబ్బు విజృంభించే ఎండాకాలానికి ముందే రావడం, ముందు నుంచీ పథ్యం చేయించడం, కొత్త రసి కాకుండా పోయినేడాది పొక్కుల రసి దూదిలో దాచి వాడడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. పాతబడిన రసి కాస్త బలహీనపడి ఉంటుందని ఇప్పుడు చదివితే అర్థమవుతుంది. వాళ్ల అనుభవం ఎంత లోతైనదో చూడండి. జెన్నర్ టీకా వచ్చాక ఆ వృత్తిని సర్కారు నిషేధిస్తూ వచ్చింది, కలకత్తాలో 1865లో చట్టమే చేసింది. తరాలుగా జనం నమ్మినవాళ్లను దొంగల్లా చూశారు. కొత్త టీకా మీద మన దేశంలో అనుమానం పెరగడానికి అది ఒక పెద్ద కారణం అని నా నమ్మకం.


వైద్య కుటుంబం
ఆదివారం, సాయంత్రం 5:00

హాల్‌వెల్ రాసినదాని గురించి చెప్పినందుకు సంతోషం. అయితే టీకాదార్ల విద్య కాగితం మీద కాదు, చేతుల్లో ఉంది కాబట్టి గ్రంథం దొరకలేదని విద్యే లేదనకూడదు అన్నది నా మాట. తెలుగు నేల మీద అలాంటివాళ్లు ఉండేవారా?


పాతకాగితం
ఆదివారం, సాయంత్రం 5:25

దక్షిణాన ఆ పద్ధతి చాలా తక్కువ. మన దగ్గర మశూచి వస్తే దిక్కు పోచమ్మ, ముత్యాలమ్మ. ఇంటికి వేపమండలు కట్టడం, పోపు పెట్టకపోవడం, బయటివాళ్లను రానివ్వకపోవడం. బయటివాళ్లను రానివ్వకపోవడం మాత్రం అంటురోగానికి నిజంగా పనికొచ్చే పనే.

రాజకుటుంబాల సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. మైసూరులో బాలరాజు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరుకు పెళ్లైన దేవజమ్మణి 1806 నాటికి టీకా వేయించుకుంది. థామస్ హికీ 1805 ప్రాంతంలో గీసిన ముగ్గురు రాణుల చిత్రం టీకా ప్రచారం కోసమేనని, అందులో ఒకామె పైట కాస్త జరిపి చెయ్యి చూపించడం అందుకేనని నైజెల్ చాన్సలర్ అనే చరిత్రకారుడి వాదన. నాకు అది నమ్మదగ్గదిగానే కనిపిస్తుంది. రాణీవాసం స్త్రీలు అలా కూర్చుని చిత్రం వేయించుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.


ఖమ్మం తాతయ్య
ఆదివారం, రాత్రి 7:40

పిల్లలూ, నేను ఆరోగ్యశాఖలో టీకాలు వేసే ఉద్యోగంతో మొదలుపెట్టి సూపర్వైజరుగా రిటైరయ్యాను. మశూచి టీకా నా చేత్తో వేసినవాణ్ని. చిట్టితల్లి అమ్మ అడిగిన మాటకు నా అనుభవం చెప్తాను.

మేం వెళ్లేసరికి గుమ్మానికి వేపమండలు కనిపిస్తే లోపల అమ్మవారు పోసిందని లెక్క. అప్పుడు సంచీ పట్టుకుని లోపలికి పోతే అమ్మవారికి కోపం వస్తుందని ఆడవాళ్లు దండం పెట్టి వెనక్కి పంపేవాళ్లు. నేను చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, గుమ్మం బయట కూర్చునేవాణ్ని. "అమ్మా, ఈ పిల్లకు వేయను, వచ్చింది కదా. పక్కింటి పిల్లలకు రాకుండా వేయనియ్యి" అని అడిగేవాణ్ని. జబ్బు వచ్చిన ఇంటి చుట్టుపక్కల ముందు వేయాలి కాబట్టి ఆ ఇల్లాలే మాకు సాయం కావాలి. పిల్లను మంచంలో పెట్టుకుని కూడా వీధిలో పిల్లలందరినీ పోగుచేసిన తల్లులున్నారు. వాళ్ల పేర్లు కూడా ఏ పుస్తకంలోనూ లేవు.

మందు సంగతి. మేం చేరేనాటికి చేతి నుంచి చేతికి వేసే కాలం ఎప్పుడో పోయింది. ఎండబెట్టి పొడి చేసిన మందు చిన్న గాజు గొట్టాల్లో వచ్చేది. దాన్ని ద్రవంలో కలిపి వేసేవాళ్లం. పొడిగా ఉన్నంతకాలం ఎండకు కూడా చాలా రోజులు ఆగేది. మా హైదరాబాదు నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో కూడా తయారయ్యేది. మొదట తిప్పే లాన్సెట్ వాడేవాళ్లం, చిన్న చక్రానికి ముళ్లున్నట్టు ఉండేది. చర్మం మీద పెట్టి తిప్పితే పిల్లలు గగ్గోలు పెట్టేవాళ్లు. తర్వాత రెండు మొనల సూది వచ్చింది. చుక్క మందు ఆ రెండు మొనల మధ్య నిలుస్తుంది, పదిహేను పోట్లు పైపైన పొడిస్తే చాలు. నొప్పి తక్కువ, మందు తక్కువ.


సత్తెనపల్లి శ్రీను
ఆదివారం, రాత్రి 8:20

తాతయ్య గారూ, మీకు పాదాభివందనం. మా అమ్మకూ నాన్నకూ ముంజేతి మీద గుండ్రటి మచ్చలున్నాయి. అవి ఆ తిప్పే లాన్సెట్‌వే అన్నమాట.

నాది ఇంకో ప్రశ్న. చేతి నుంచి చేతికి వేసే పద్ధతి ఎందుకు మానేశారు? ఎప్పుడు?


సూక్ష్మజీవి
ఆదివారం, రాత్రి 9:30

ఒక మనిషి పొక్కులోంచి రసి తీస్తే అతని ఒంట్లో ఉన్న ఇతర జబ్బులూ దాంతో పాటు వస్తాయి. 1861లో ఇటలీలో రివాల్తా అనే ఊళ్లో ఒక పిల్లవాడి చేతి రసి ఇంకో 63 మంది పిల్లలకు వేస్తే నలభై మందికి పైగా సవాయి రోగం (సిఫిలిస్) అంటింది. ఆ పిల్లల నుంచి తల్లులకు కూడా. టీకా మీద నమ్మకమే దెబ్బతింది. దానికి ముందే నేపుల్స్‌లో నెగ్రి అనే వైద్యుడు దూడల చర్మం మీద టీకా పెంచుతున్నాడు. 1864 నుంచి ఆ పద్ధతి ఫ్రాన్సుకు, అక్కడి నుంచి మిగతా దేశాలకు పాకింది. దూడ కడుపు భాగం నున్నగా గొరిగి, గీతలు గీసి రసి పూస్తారు. కొద్ది రోజులకు పొక్కులు గీకి తీస్తారు. ఒక్క దూడతో ఎంతోమందికి సరిపోయే మందు వస్తుంది, పిల్లల చేతులు అక్కర్లేదు. దానికి గ్లిజరిన్ కలిపితే తక్కిన సూక్ష్మక్రిములు చచ్చి టీకా మాత్రం నిలుస్తుందని కోప్‌మన్ అనే ఇంగ్లండు వైద్యుడు 1890లలో చూపించాడు. ఇంగ్లండులో చేతి నుంచి చేతికి వేయడాన్ని 1898లో నిషేధించారు. మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ 1899లో మొదలైంది ఈ దూడ టీకా తయారీకే. మన ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోవే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. టీకాలో ఉన్న వైరస్ అసలు ఆవుమశూచి కాదు. రెండూ ఒకటి కావని 1939లో డౌనీ అనే శాస్త్రవేత్త గమనించాడు. 1902లో అమెరికాలో తయారైన ఒక టీకా సీసాను ఈమధ్య జన్యుపరీక్ష చేస్తే అందులోది గుర్రాల మశూచి వైరస్‌కు చాలా దగ్గరగా ఉంది. జెన్నర్ కూడా మొదట్నుంచీ ఈ జబ్బు గుర్రం గిట్టల దగ్గరి పుండు నుంచి ఆవుకు వస్తుందని అనుమానపడ్డాడు. అప్పట్లో చాలామంది దాన్ని కొట్టిపారేశారు.


బ్రిస్టల్ భార్గవి
ఆదివారం, రాత్రి 11:15

జెన్నర్ కంటే 22 ఏళ్ల ముందు ఆ పని చేసిన రైతు గురించి ఎవరూ చెప్పలేదు. బెంజమిన్ జెస్టీ, డార్సెట్ ప్రాంతం. 1774లో ఊళ్లోకి మశూచి వచ్చింది. ఆవుమశూచి వచ్చిన తన ఇంటి పాలమ్మాయిలు మశూచి రోగులకు సేవ చేసినా వాళ్లకు ఏమీ కాకపోవడం చూశాడు. పక్క ఊరి ఆవు దగ్గరికి భార్యనూ ఇద్దరు కొడుకుల్నీ నడిపించుకెళ్లి మేజోళ్లు కుట్టే సూదితో గీరి అంటించాడు. భార్య చెయ్యి బాగా వాచి ప్రాణం మీదికొచ్చి తగ్గింది. ఊళ్లోవాళ్లు అతన్ని తిట్టారు. పిల్లల్ని పశువులుగా మారుస్తాడన్నారు. ఆ కొడుకులకు తర్వాత మశూచి రసి అంటించినా జబ్బు రాలేదు. 1805లో లండన్ పిలిపించి గౌరవించారు, చిత్రపటం వేయించారు.

అంతమాత్రాన జెన్నర్ గొప్పతనం తగ్గుతుందని నేననుకోను. జెస్టీ తన ఇంటిని కాపాడుకున్నాడు. జెన్నర్ పరీక్షించి, రాసి, అడిగినవాళ్లందరికీ రసి పంపి, ఎగతాళి భరించాడు. టీకా వేసుకున్నవాళ్ల ఒంటి మీద ఆవులు మొలుస్తున్నట్టు 1802లో గిల్‌రే అనే వ్యంగ్య చిత్రకారుడు వేసిన బొమ్మ ఇక్కడ మ్యూజియంలో చూడొచ్చు. పార్లమెంటు ఆయనకు 1802లో 10,000 పౌండ్లు, 1807లో 20,000 పౌండ్లు ఇచ్చింది. జేమ్స్ ఫిప్స్‌కు అద్దె లేకుండా ఉండడానికి ఆయన ఒక ఇల్లిచ్చాడు. 1823లో జెన్నర్ అంత్యక్రియలకు ఫిప్స్ వచ్చాడు.


చిట్టితల్లి అమ్మ
సోమవారం, ఉదయం 7:05

ఫిప్స్ పెద్దవాడై, ఉండడానికి ఇల్లు దొరికి, అంత్యక్రియలకు వచ్చాడన్న మాట విని మనసు కాస్త కుదుటపడింది. ఆనా పాప ఏమైందో, ఆ స్పెయిన్ పిల్లలు ఏమయ్యారో అన్నది మాత్రం నన్ను వదలదు.

ఇంకో సందేహం. మా అత్తగారికి మశూచి టీకా మచ్చ ఉంది. ఇప్పుడు మంకీపాక్స్ అంటున్నారు కదా, ఆమెకు అది రాకుండా కాపాడుతుందా?


సూక్ష్మజీవి
సోమవారం, ఉదయం 7:50

అవి ఒకే కుటుంబం వైరస్‌లు కాబట్టి పాత టీకా కొంత రక్షణ ఇస్తుంది. 1980లలో ఆఫ్రికాలో చేసిన పరిశీలనల్లో మశూచి టీకా వేసుకున్నవాళ్లకు మంకీపాక్స్ చాలా తక్కువగా వచ్చింది. అయితే టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. జన్మంతా ఉంటుందని జెన్నర్ నమ్మాడు గానీ, 1830ల నాటికే జర్మన్ రాజ్యాల సైన్యాల్లో మళ్లీ మళ్లీ వేయవలసి వచ్చింది. కాబట్టి మచ్చ ఉంది కదా అని ధైర్యంగా ఉండకూడదు. జ్వరంతో పాటు పొక్కులు వస్తే వయసుతో పనిలేదు, డాక్టరుకు చూపించండి. మన దేశంలో చివరి మశూచి కేసులు 1975లో, ఆ తర్వాత కొన్నేళ్లకు ఈ టీకా వేయడం ఆపేశారు. అందుకే నలభై దాటనివాళ్ల చేతుల మీద ఆ మచ్చ ఉండదు. వాళ్ల ముంజేతి మీద కాకుండా ఎడమ భుజం మీద ఉండేది క్షయ రాకుండా వేసే బీసీజీ మచ్చ. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.


ఖమ్మం తాతయ్య
సోమవారం, ఉదయం 8:30

బీసీజీది భుజం మీద చిన్నగా ఒక్కటే ఉంటుంది. మేం వేసినవి ముంజేతి మీద పెద్దగా, ఒక్కోసారి రెండు మూడు ఉండేవి. అత్తగారి మచ్చ ఎక్కడుందో చూసి చెప్పమ్మా.